తాత రెండో విజిల్

మా ఊరి పేరుకు ‘కాలనీ’ అనే తోక తగలని రోజుల్లో మా మధ్యాహ్నాలన్నీ తాత విజిల్ చేతిలో ఉండేవి. ఎల్బీనగర్ అవతల, కంకర క్వారీ మీద బతికిన ఊరు మాది. మందు పెట్టి బండను పేల్చే ముందు తాత విజిల్ ఊదితే అందరూ మంచాల కిందికి దూరాలి. పేలాక మళ్లీ ఊదితేనే బయటికి రావాలి. పేలకపోతే మాత్రం ఊదినవాడే వెళ్లి చూసి రావాలి. ఒకసారి తాతకు జ్వరమొస్తే ఆయన తమ్ముడు విజిల్ పట్టుకున్నాడు. పేలని మందును చూడటానికి వెళ్లి తిరిగి రాలేదు. తాత బతికినంత కాలం ఆ జ్వరాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు.

తర్వాత క్వారీ మూతపడింది. కూల్చిన ఇళ్ల మట్టితో ఆ గుంతను నింపి ప్లాట్లు చేశారు. మా గుట్ట కంకరై దిల్‌సుఖ్‌నగర్ మేడల్లో కలిసిపోయింది (అక్కడి కోచింగ్ సెంటర్లో లెక్కలు రాక నేను తల బాదుకున్న గోడ కూడా మా గుట్టదే అయ్యుంటుంది, అంత గట్టిగా ఉండేది). తాతకు చెవులు పోయాయి, ఆ వెనక మతీ తప్పింది. విజిల్ మాత్రం మెడలోనే ఉండిపోయింది.

గుంటూరు నుంచి వచ్చిన పక్కింటి మాస్టారు గృహప్రవేశం పెట్టుకున్నారు. సరిగ్గా పప్పు వడ్డిస్తుండగా తాత లేచి విజిల్ ఊదాడు. మా ఊరివాళ్లంతా మారు మాట లేకుండా విస్తళ్లతో సహా బల్లల కిందికి దూరారు. నేనూ దూరాను (కొత్త ప్యాంటు, చేతిలో గారె). మాస్టారి చుట్టాలు భూకంపమనుకుని మా పక్కకే చేరారు. “ఎంతసేపుండాలండీ?” అన్నారు మాస్టారు నా మోకాలి దగ్గర నుంచి. “పేలేదాంక సార్,” అన్నాడు మా మేనమామ, నములుతూనే.

నవ్వాపుకోలేక చస్తున్నాను. అంతలో తాత ముఖం కనిపించింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పేలుడు కోసం ఎదురుచూస్తున్నాడు. చివరికి చెప్పులైనా వేసుకోకుండా పాత గుంత వైపు నడిచాడు. వెంట పరుగెత్తాను.

“ఏడికి తాతా?” చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

“మందు పేలలే బిడ్డా. తమ్ముడు పోతనంటడు, జర ఆపు. నేనే పోయి సూసొస్త.”

నా నవ్వు ఎటుపోయిందో. ఆయన చెవిలో మళ్లీ అరిచాను. “పేలింది తాతా! నీకే ఇనపడలే.”

“మరి తమ్ముడేడి?”

“బంతిల కూసుండి తింటున్నడు.”

తాత బంతి వైపు తిరిగాడు. రెండో విజిల్ ఊదాడు. బల్లల కింది నుంచి జనం లేచి చల్లారిన పప్పన్నం ముందు కూర్చున్నారు.

ఆ చలికాలంలోనే తాత పోయాడు. ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు విజిల్ ఊదితే చటుక్కున ఏదో ఒక దుకాణం రేకుల కిందికి దూరుతాను (మా ఆవిడ నేనెవరో తెలియనట్టు ముందుకు నడిచిపోతుంది). నాకే నవ్వొస్తుంది. కానీ వెంటనే కదల్లేను. రెండో విజిల్ ఊదే మనిషి లేడు కదా, ఎప్పుడు బయటికి రావాలో తెలియక అక్కడే కాసేపు నిలబడిపోతాను.