చెయ్యి బయటికి వచ్చేదాకా

మా పక్కింటి అవ్వ చనిపోయిందన్న సంగతి నాకు చెప్పింది మా సూపర్‌వైజర్. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పిలవలేదు. నేను ప్రెస్ మిషన్‌లో రేకు పెట్టి, బటన్లు నొక్కి, రేకు తీసి, రెండు చేతులూ బయట పెట్టేదాకా ఆగాడు. అప్పుడు అన్నాడు: “మీ పక్కింటి అవ్వ పోయిందంటమ్మా. మీ అమ్మ ఆఫీసుకు ఫోన్ చేసినాది. నువ్వు పో, ఈ మిషను నేను చూసుకుంటా.”

శ్రీకాళహస్తిలో మా వీధికి చేరేసరికే ఫ్లెక్సీ కట్టేశారు. ‘పరమపదించిన పూజ్యురాలు’ అని పెద్ద పెద్ద అక్షరాలు. వీధి వాట్సాప్ గ్రూపులో ‘ఎక్స్‌పైర్డ్’ అని పెట్టారు. ఆ మాట మా ఫ్యాక్టరీలో జిగురు డబ్బాల మీద ఉంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది. అవ్వ చూసుంటే రెండూ కొట్టేసి, పైన పెన్సిల్‌తో ‘చనిపోయింది’ అని రాసేది. నేనూ అదే రాస్తున్నాను. అవ్వ చనిపోయింది. కాఫీ కలుపుకుని, తాగకుండానే.

ఆమె మాకు చుట్టం కాదు. రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే, అంతే. చిత్తూరు కోర్టులో రిటైరయ్యేదాకా తర్జుమా పని చేసింది. సాక్షులు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు కాగితాలు తెలుగులోకి మార్చే పని. నేనేమో ఇంటర్ సగంలో వదిలేసి సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీకి పోతున్నదాన్ని. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. నా ఇంగ్లీషు బడిలో వచ్చింది కాదు, అట్టపెట్టెల మీద చదువుకున్నది. తెలియని మాట కనిపిస్తే అరచేతిలో రాసుకొచ్చి, సాయంత్రం గోడ దగ్గర నిలబడి చేయి చాపేదాన్ని.

అవ్వ అర్థం చెప్పేది కాదు. కళ్లద్దాలు తీసేసేది. వినేటప్పుడు ఆమెకు అద్దాలు అడ్డం. “ఎవురు ఎవురితో అన్నారు? యాడ రాసుండాది?” అని అడిగేది. తర్వాత చించిన క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్‌తో ఒక్కో చీటీ మీద ఒక్కో తెలుగు మాట రాసి, బల్ల మీద పరిచేది. పెన్ను ఎందుకు వాడవంటే, “పెన్ను తీర్పు రాసేవాళ్లకి. మనకు పెన్సిల్ చాలు” అనేది.

ఒకసారి ‘సెన్సిటివ్’ అన్న మాట మూడు చోట్ల కనిపించింది. మూడింటికీ ‘సున్నితం’ అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. అవ్వ పగలబడి నవ్వింది.

“మీ మిషను కూడా సున్నితమేనా? తిడితే ఏడుస్తాదా?”

“మరేం రాయాలవ్వా?”

“చెయ్యి దగ్గరికొస్తే అది ఏం చేస్తాది?”

“టక్కున ఆగిపోతాది.”

“అయితే అది చురుకు. ఆ పెట్టెలో సామాను పడితే పగుల్తాది, అది నాజూకు. మీ ఆఫీసాయన ఎవురినో సెన్సిటివ్ అన్నాడంటివే, ఆ పిల్ల చిన్నమాటకే నొచ్చుకునే రకం. ముగ్గురికీ ఒకే చొక్కా తొడిగితే ఎట్లమే?”

ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే భయం మొదలైంది. మంచి భయం. లోతైన బావిలోకి తొంగి చూస్తే కలిగేలాంటిది.

కొన్నాళ్లకు మా లైనులో నా పక్క మిషన్ మీద పనిచేసే అమ్మాయికి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఏర్పేడు పిల్ల. పెళ్లయి, ఇంటి బరువంతా మోస్తున్న పిల్ల. వారం తర్వాత ఆఫీసు మనిషి నన్ను పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. చూసిన సాక్షిని నేనొక్కదాన్నే. ఇంగ్లీషులో ‘ఆపరేటర్ కేర్‌లెస్’ అని ఉంది. దాని కింద తెలుగులో ‘నిర్లక్ష్యం వల్ల’. నేను సంతకం పెడితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. ఆ ముక్క ఆయనే చెప్పాడు, టీ తాగుతూ.

“జాగర్త లేకుండా చేసిందనేగా అర్థం? దానికింత ఆలోచనేంది?”

సంతకం పెట్టలేదు. రేపు చెప్తానని ఆ కాగితం పట్టుకుని నేరుగా అవ్వ దగ్గరికి పోయాను. వాళ్లను నాలుగు బూతులు తిట్టి జవాబు రాయించాలని నా ఉద్దేశం. అవ్వ నన్ను చల్లబడమనలేదు. “కోపాన్ని కూడా కూసోబెట్టు. దానికీ పనుండాది” అంది.

అయిదు చీటీలు పరిచింది. నిర్లక్ష్యం. అశ్రద్ధ. అజాగ్రత్త. పరధ్యానం. ఏమరుపాటు.

“ఇంగ్లీషోడికి అన్నిటికీ ఆ ఒక్క మాటే. మనం ఏరుకోవాల. తెలిసీ లెక్కజెయ్యకుంటే నిర్లక్ష్యం. ఆ పిల్ల లెక్కజెయ్యదా?”

“రోజూ మిషన్‌కు దండం పెట్టుకుని మొదలుపెడతాది అవ్వా.”

ఆ చీటీ తీసేసింది. అశ్రద్ధ ఒక్క నిమిషంలో పుట్టేది కాదంటూ దాన్నీ తీసేసింది. “అజాగ్రత్త అనాలంటే, జాగ్రత్తపడే దారి ఒకటుండాల. ఉండిందా?”

ఉండాల్సింది. ఆ మిషన్‌కు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ప్రెస్ దిగాలి. అప్పుడు చెయ్యి లోపల ఉండే వీలే లేదు. కానీ టార్గెట్ అందడం లేదని ఒక బటన్‌ను నొక్కిపెట్టి టేపు చుట్టేశారు. ఎడమ చెయ్యి లోపల, కుడి చెయ్యి బటన్ దగ్గర. మా అందరికీ అంతే.

మూడో చీటీ కూడా పోయింది. అప్పుడు అవ్వ లేచి వంటింట్లోంచి ఇడ్లీ పాత్ర, గుప్పెడు చెంచాలు తెచ్చి నా ముందు పెట్టింది. “ఎడమ చేత్తో చెంచా లోపల పెట్టు. చెయ్యి తియ్యి. కుడి చేత్తో బల్ల కొట్టు. మీ ఆడ ఎంత బిరీన చేస్తారో అంత బిరీన చెయ్యి. నేను కాఫీ కలుపుకొస్తా.”

ఇదేం పిచ్చి అనుకుంటూనే మొదలుపెట్టాను. పెట్టు, తియ్యి, కొట్టు. పెట్టు, తియ్యి, కొట్టు. కాసేపటికి చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. అవ్వ సంగతి, కాగితం సంగతి అన్నీ మరిచిపోయాను.

“ఏమ్మే!”

వెనక నుంచి కేక. తల తిప్పాను. అవ్వ వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. నా ముఖం చూడటం లేదు.

“చేతులు చూసుకో” అంది.

నా ఎడమ చెయ్యి ఇంకా పాత్రలోనే ఉంది. కుడి అరచెయ్యి బల్ల మీద పడి ఉంది.

ఆ పిల్ల వేళ్లు తెగిన రోజు కూడా అంతే జరిగింది. సూపర్‌వైజర్ వెనక నుంచి పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల తిరిగింది. నేను కళ్లారా చూశాను. అయినా ఎవరు అడిగినా ఆ ముక్క చెప్పలేదు, అది ఒక సంగతే కాదనుకున్నాను. ఫ్యాక్టరీ గడప తొక్కని ముసలామె నా వేళ్లలోంచి దాన్ని బయటికి లాగింది.

పరధ్యానం చీటీ ఎప్పుడు తీసేసిందో చూడనే లేదు. బల్ల మీద ఏమరుపాటు ఒక్కటే మిగిలింది. “అయితే ఇదే రాద్దామవ్వా” అన్నాను.

“పిలిస్తే పలకడం ఏమరుపాటామే?”

ఆ చీటీ చేతిలోకి తీసుకుంది. తర్వాత చెప్పింది. కోర్టులో కొత్తగా చేరిన రోజుల్లో ఒక కూలి మనిషి బోనెక్కింది. కంచె లేని మట్టి గుంతలో ఆమె బిడ్డ పడి చనిపోయింది. గుంత తవ్వించినవాడి మీద కేసు.

“ఆ తల్లి ‘ఏమరినాను సామీ’ అనింది. కడుపు కాలి అనిన మాట. నేను నెగ్లిజెన్స్ అని టైపు కొట్టినాను. తల్లే ఒప్పుకునింది కదా అని అవతలి లాయరు దాన్నే పట్టుకున్నాడు. గుంతకు కంచె ఏదని మళ్లీ ఎవురూ అడగలా. వాడు నవ్వుకుంటా పోయినాడు.”

అవ్వ కాఫీ చల్లారిపోయింది.

“సరిపోయే మాట లేకుంటే, ఉండే మాటల్లో దగ్గర్దాన్ని పెట్టబాకు. జరిగింది రాయి.”

రాశాను. ఒక బటన్‌కు టేపు చుట్టి ఉంది. టార్గెట్ కోసం చుట్టారు. ఆమె ఎడమ చెయ్యి మిషన్ లోపల ఉంది. సూపర్‌వైజర్ వెనక నుంచి పిలిచారు. ఆమె తిరిగింది. కుడి చెయ్యి బటన్ మీద పడింది. ఒక్క తిట్టు లేదు. ఇంత చప్పగా ఉందేమిటని నాకు రాత్రంతా గుంజాటనే.

మర్నాడు ఆఫీసు మనిషి అది చదివి, “కారణం ఏదమ్మా? ఆ గడి ఖాళీగా ఉండాదే” అన్నాడు. పైన రాసిందంతా అదేనన్నాను. మళ్లీ చదివాడు. ఈసారి మెల్లగా చదివాడు. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజర్ వైపు తిరిగి అడిగాడు: “పిలిచినావా?”

నేను తిట్టు రాసుంటే సూపర్‌వైజర్ తిట్టుకు జవాబు చెప్పేవాడు. జరిగింది రాశాను కాబట్టి ఔనో కాదో అనాల్సిందే. నేల చూస్తూ, “పిలిచినాను సార్” అన్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు ప్యాకింగ్‌లో ఉంది. బటన్ల మీద టేపు తీసేశారు. స్వర్ణముఖి ఒడ్డున అవ్వకు నిప్పు పెడుతున్నప్పుడు నా పక్కనే నిలబడి, కురచబడిన వేళ్లతో నా చెయ్యి పట్టుకుంది. “ఆయమ్మ నన్ను ఒక్కసారి కూడా సూడలేదు గదక్కా” అంది.

ఇల్లు సర్దుతుంటే అవ్వ కళ్లద్దాల పెట్టెలో ఒక పాత చీటీ దొరికింది. ఒక వైపు ‘ఏమరినాను సామీ’. ఎదురుగా ఇంగ్లీషులో ఏదో రాసి చెరిపి, రాసి చెరిపి, కాగితం ఉల్లిపొర అయిపోయింది. వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. ఏ మాటా మిగల్లేదు.

మర్నాడు డ్యూటీకి పోయాను. నా పక్క మిషన్ మీద కొత్త పిల్ల. ఆమెతో ఏదో చెప్పాలని సూపర్‌వైజర్ వచ్చాడు. నోరు తెరిచాడు. మూసుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పిల్ల వేళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.