ఇకిలిగాడికి పెట్టిన పన్ను

పళ్ళమ్మ అనగానే కొత్తవాళ్ళు బుట్టలో ఏమున్నాయని అడుగుతారు. దానిమ్మలా, అరటిపళ్ళా అని. ఆవిడ దగ్గర ఉండేవి తినే పళ్ళు కావు, తినడానికి పెట్టుకునే పళ్ళు. కట్టుడు పళ్ళు. పళ్ళ డాక్టరు గది వెనకాల, నడవా దాటాక ఒక చిన్న ల్యాబు ఉంది. మైనం వాసన, ప్లాస్టరు పొడి, గోడ పొడుగునా ఎవరెవరివో నోటి అచ్చులు. వాటి మధ్య కూర్చుని ఆవిడ ఊళ్ళోవాళ్ళకు నవ్వులు తయారుచేస్తుంది. పెద్దవాళ్ళలో సగం మంది ఆవిడ చేతి చలవతోనే నములుతున్నారు. పెళ్ళిలో ఎవరైనా గట్టిగా నవ్వితే చాలు, "ఆ పైసెట్టు మనదే" అని పక్కవాళ్ళను మోచేత్తో పొడిచి మరీ చూపిస్తుంది.

ఇన్నేళ్ళ పనిలో ఆవిడకు ఒక జబ్బు అంటుకుంది. ఎవరైనా ఎదురుపడితే మీరూ నేనూ మొహం చూస్తాం. ఆవిడ పళ్ళు చూస్తుంది. వంకర పన్ను కనబడితే చేతులు దురదపెడతాయి. సందు కనబడిందా, ఇక ఆవిడను పట్టుకోలేం. ఆ జబ్బే ఆవిడ కొంప ముంచింది.

కోడలు ఇంటికొచ్చిన కొత్తలో, అందరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉండగా, కొడుకు ఏదో అంటే ఆ పిల్ల ఫక్కున నవ్వింది. పైవరుసలో ఒక పన్ను లేదు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే పోయిందట. మన పళ్ళమ్మ ఆగుతుందా? "ఆదివారం ల్యాబుకి రావే, ఆ సందులో ఒక పన్ను కూర్చోబెట్టేస్తాను. దేవుడు దిగొచ్చినా కనిపెట్టలేడు" అనేసింది. ప్రేమగానే అంది. నన్నడిగితే ఆవిడకు అంతకన్నా ప్రేమగా మాట్లాడటం రాదు. కానీ ఆ పిల్ల మొహం మాడిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కంచం తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ అత్తగారి ఎదుట నవ్వొస్తే చాలు, చెయ్యి నోటి దగ్గరికి పోతుంది. మాట్లాడితే "అలాగే అత్తయ్యా", లేకపోతే "సరే అత్తయ్యా". పళ్ళమ్మ నాలుక కరుచుకుంది, లాభమేముంది? బంగారంలాంటి పిల్ల, ఒక్కసారి తన ముందు హాయిగా నవ్వితే చాలని లోలోపల కొట్టుకుపోయేది.

దారి దొరికింది ఎక్కడో తెలుసా? కోడలి హ్యాండుబ్యాగు మీద. దాని పట్టీకి అరచేతిలో పట్టేంత బొమ్మ ఒకటి వేలాడుతోంది. గుండ్రటి పొట్ట, బొచ్చు తోక, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నోరు, నోటి నిండా పళ్ళు.

"వీడెవడే?" అంది పళ్ళమ్మ కళ్ళజోడు సవరించుకుని.

"బొమ్మ అత్తయ్యా."

"బొమ్మేలే, నాకు మాత్రం కళ్ళు లేవా! వీడికి పళ్ళెవరు పెట్టారు? పైవరుసకీ కిందవరుసకీ పొత్తు కుదరలేదు. వీడు ఈ నోటితో ముద్దెలా నములుతాడు?"

కోడలు చెయ్యి అడ్డం పెట్టుకునే కిసుక్కుమంది. అయితేనేం, కిసుక్కుమంది! పళ్ళమ్మ ప్రాణం లేచొచ్చింది. ఇంకో నాలుగు ప్రశ్నలు వేసింది. కోడలు కూడా నెమ్మదిగా విషయం విప్పింది. ఆ బొమ్మలను ఊరికే ఎంచుకుని కొనుక్కోవడానికి ఉండదట. అన్నీ ఒకేలాంటి పెట్టెల్లో ఉంటాయి, ఏ పెట్టెలో ఎవడున్నాడో విప్పేదాకా కొట్టువాడికి కూడా తెలియదు. నీలంవాడు రావచ్చు, చారలవాడు రావచ్చు, ఏడుపుమొహంవాడు రావచ్చు. వాటికేదో నోరు తిరగని విదేశీ పేరుంది. పళ్ళమ్మ ఆ పేరు జోలికి పోలేదు, ఇకిలిగాడు అని పెట్టేసింది. కోడలి దగ్గర విప్పని పెట్టె ఒకటుంటే, "మీరు విప్పండి అత్తయ్యా" అని చేతికిచ్చింది.

అక్కడే అయిపోయింది ఆవిడ పని. అట్ట చించింది. లోపల వెండిరంగు పొట్లం. వేళ్ళతో నొక్కి చూసింది, చెవిలా తగిలింది, కాదు కాదు తోక. గుండె దడదడలాడింది. "చారలవాడే, చారలవాడే" అంటోంది కోడలు పక్కనుంచి. చించితే పసుపువాడు! ఇద్దరూ ఒకేసారి "అయ్యో" అన్నారు, ఆ వెంటనే "ఇంకోటి కొందామా?" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

జనం ఈ పిచ్చిలో ఎందుకు పడతారని పెద్ద పెద్దవాళ్ళు ఏవేవో చెబుతారు. పళ్ళమ్మ సంగతి మాత్రం నేను చెప్పగలను. ఆవిడ పనిలో ఏదీ తెలియకుండా జరగదు. కొలత తీసిన రోజే సెట్టు ఎలా ఉండబోతోందో ఆవిడకు తెలుసు. మైనం, అచ్చు, ఉడకబెట్టడం, సాన, మెరుగు, చివరికి అనుకున్నదే చేతికొస్తుంది. రాకపోతే అది తప్పు, మళ్ళీ చెయ్యాలి. వయసొచ్చినప్పటి నుంచీ ఆవిడ చేతుల్లోకి అనుకోనిది అంటూ ఏదీ రాలేదు. ఇప్పుడేమో ఒక పెట్టె, లోపల ఎవడున్నాడో తెలియదు, ఎవడొచ్చినా తప్పు కాదు! ఆ చించే ముందరి క్షణం ఉంది చూశారా, దానికోసమే ఆవిడ మళ్ళీ మళ్ళీ కొట్టుకు పరిగెత్తింది. బొమ్మ చేతికొచ్చాక సగం సరదా తీరిపోయేది. అందుకే ఇంకోటి కావలసొచ్చేది.

ఇక చూడాలి అత్తాకోడళ్ళ సంబరం! సాయంత్రమైతే చాలు, కూరగాయలకని సంచి పట్టుకుని బయల్దేరడం, బొమ్మల కొట్లో తేలడం. ఒక్కొక్క పెట్టెనూ చెవి దగ్గర పెట్టుకుని ఆడించడం. "ఇది బరువుగా ఉందే", "ఉండండి అత్తయ్యా, ఇందులో తోక కదిలింది". కొట్టు పిల్ల మొదట్లో విసుక్కునేది, తర్వాత తనే వచ్చి "ఆ వెనక వరుస నిన్ననే పెట్టామమ్మా" అని చెవిలో ఊదేది. పళ్ళమ్మ ఎడంచేత్తో తీస్తే మంచివాడు వస్తాడని, ఆవులిస్తూ తీస్తే ఏడుపుమొహంవాడు తప్పదని ఇద్దరూ గట్టిగా నమ్మేవాళ్ళు. ఇంట్లో దాచడానికి చోటు చాలక, ఇకిలిగాళ్ళు ల్యాబుకు చేరారు. నోటి అచ్చుల పక్కన వరుసగా నిలబడి ఇకిలిస్తుంటే, డాక్టరు ఒకసారి అచ్చు అనుకుని చారలవాణ్ణి పట్టుకుపోయాడు.

ఇదంతా కొడుక్కి తెలియకుండా చేస్తున్నామనుకున్నారు పాపం. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మాట తక్కువ మనిషి. "చిన్నపిల్లలా మీరిద్దరూ?" అని ఒకసారి చిరాకుపడ్డాడు కూడా. ఆ మర్నాడే స్నానాలగదిలో తలుపేసుకుని ఒక పెట్టెను చెవి దగ్గర ఆడిస్తూ దొరికిపోయాడు. "ఊరికే చూశానమ్మా" అన్నాడు. ఊరికేనట!

ఇంత సంబరంలోనూ కోడలి చెయ్యి మాత్రం నోటి మీంచి దిగలేదు. కొట్లో పిల్లతో నవ్వేటప్పుడు, మొగుడితో నవ్వేటప్పుడు దిగుతుంది. అత్తగారు తలతిప్పి చూడగానే మళ్ళీ పైకిపోతుంది.

కోడలికి ఒకే ఒక్క కోరిక మిగిలింది. పెట్టె మీద బొమ్మలన్నిటి పక్కనా ఒక నల్లటి నీడ వేసుంటుంది. అది అరుదుగా వచ్చే రహస్యం బొమ్మ. "అది దొరికితే చాలు అత్తయ్యా, ఇక ఏమీ కొనను" అనేది. అబద్ధమే అనుకోండి, అయినా అనేది.

"ఎలా ఉంటాడే వాడు?" అంటే మాత్రం, "చూస్తే తెలుస్తుంది లెండి" అని చూపు తిప్పుకునేది. ఫోనులో ఫొటో చూపించమంటే బ్యాటరీ లేదనేది.

సరే, ఆ నీడవాణ్ణి తెచ్చి కోడలి చేతిలో పెడితే ఆ పిల్ల మనసు విప్పి నవ్వుతుందని పళ్ళమ్మ పంతం పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం తిండి కూడా పక్కనబెట్టి కొట్టుకు పోయి, ఎడంచేత్తోనే ఒక పెట్టె తీసి, ఆవులింత ఆపుకుని మరీ ల్యాబుకు తెచ్చుకుంది. సాయంత్రందాకా ఆగుదామనుకుంది. ఆగడం ఆవిడ వల్ల అవుతుందా! చించేసింది.

నీలంవాడు. మళ్ళీ నీలంవాడే! ఇప్పటికే నీలంవాళ్ళు పోగుపడి ఉన్నారు. "ఛీ, నీ మొహం మండ" అని బల్ల మీద పడేయబోయి ఆగింది. నోరు చూసింది. ముందర, పైవరుసలో, ఒక పన్ను లేదు.

"అయ్యో నా తండ్రీ, పన్ను లేకుండా పంపేశార్రా నిన్ను! కళ్ళు మూసుకుని చేస్తారు కాబోలు వెధవలు."

నిజం చెప్పొద్దూ, ఆవిడకు ఒకవిధంగా సంతోషమే అయింది. చేతులు ఎప్పట్నుంచో దురదపెడుతున్నాయి. రోగుల పని పక్కకు జరిపింది. రంగుల పట్టీ తీసి, వాడి పక్క పళ్ళతో పోల్చి, సరిగ్గా అదే తెలుపు ఎంచింది. గోటిలో సగం కూడా లేని పన్ను చెక్కి, సందులో కూర్చోబెట్టి, చుట్టూ చిగురు కట్టి, మోటారు మీద మెరుగు పెట్టింది. దూరంగా పెట్టి చూసుకుని మురిసిపోయింది. నీడవాడు దొరక్కపోతే పోనీ, ఈ పనితనం చూస్తేనైనా కోడలు సరదాపడుతుందిలే అనుకుంది.

సాయంత్రం కోడలు ల్యాబుకు రాగానే చేతిలో పెట్టింది. "చూడవే, పాపం ముందుపన్ను లేకుండా వచ్చాడు. నేనే పెట్టాను. ఎక్కడ పెట్టానో కనిపెట్టు చూద్దాం! నేను పెట్టిన పన్ను ఊడితే నా పేరు మార్చుకుంటా."

కోడలు స్టూలు మీద కూలబడింది.

"ముందుపన్ను లేదా?"

"లేదే."

"అత్తయ్యా... ఆ నీడబొమ్మ వీడే."

"వీడా? వీడు నీలంవాడు కదే!"

"నీలంవాడే. పన్ను లేని నీలంవాడు. ఆ సందు కోసమే జనం వీడి వెనకాల పడుతున్నారు."

పళ్ళమ్మ గుండె గుభేలుమంది. "మరి ముందే చెప్పొద్దుటే తల్లీ!"

"మీకెలా చెప్పను?" అంది కోడలు. "చిన్నప్పుడు అందరూ నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు పన్ను లేనివాడు కావాలని ఇంతమంది వెతుకుతున్నారంటే నాకు ముచ్చటేసింది. ఒక్కసారి చేతిలో పెట్టుకుని చూద్దామనుకున్నాను, అంతే. మీకు దొరికాడు. మీరేం చేశారో చూడండి."

పళ్ళమ్మకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆవిడకు చుట్టు తిప్పి మాట్లాడటం చేతకాదు, అది మంచిదే అయింది. "నాదే తప్పమ్మా. ఆవేళ భోజనాల దగ్గర అన్నదీ తప్పే, ఇవాళ చేసిందీ తప్పే. సందు కనబడితే నాకిక మనిషి కనబడదు. పాడు కళ్ళు" అంది. కోడలు తలెత్తి చూసింది. ఏమంటుందోనని పళ్ళమ్మ ఆగలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, "పద, పీకేద్దాం" అని లేచింది.

పీకడం అనుకున్నంత తేలికా? ఆవిడ పెట్టిన పన్ను మరి! పట్టకారుతో లాగారు, రాలేదు. వేడినీళ్ళలో ముంచారు, రాలేదు. కోడలు బొమ్మ చెవులు పట్టుకుంది, పళ్ళమ్మ పన్ను పట్టుకుంది, ఇద్దరూ చెరోవైపూ లాగితే పళ్ళమ్మ వెళ్ళి ప్లాస్టరు బస్తా మీద పడింది. చివరికి చేసేది లేక వాణ్ణి రుమాల్లో చుట్టుకుని డాక్టరు గదిలోకే పోయారు.

డాక్టరు సంగతంతా విని చేతులు కడుక్కున్నాడు. ఇకిలిగాణ్ణి కుర్చీలో పడుకోబెట్టించాడు. మెడకు గుడ్డ కట్టించాడు. కోడలు రెండు చేతులతో దీపం వంచి పట్టుకుంది, పళ్ళమ్మ వాడి పొట్ట నొక్కిపట్టింది.

"మత్తివ్వాలా?" అన్నాడు డాక్టరు.

"కానివ్వండి సార్, ఓర్చుకుంటాడు" అంది పళ్ళమ్మ.

"ఇంత గట్టిగా ఎవరు పెట్టారమ్మా ఇది?"

"నేనే సార్."

"మనుషులకు పెట్టేటప్పుడు ఈ శ్రద్ధ ఏమవుతుంది?"

లోపల్నుంచి "లాగండి లాగండి", "వస్తోంది, వదలకండి" అన్న కేకలు విని, బయట బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పెద్దాయన మెల్లగా చెప్పులేసుకుని ఇంటికి పోయాడు. ఇంతలో టప్పుమని పన్ను ఊడొచ్చి, డాక్టరు కళ్ళజోడుకు తగిలి, గదిలో ఎక్కడో పడింది. చిగురు మీద చిన్న గీత మిగిలింది. "ఇక వీణ్ణి అసలువాడని ఎవరూ నమ్మరు" అన్నాడు డాక్టరు. అని, అలవాటు చొప్పున బొమ్మ నోట్లో దూది కుక్కి, "గట్టిగా కొరికి పట్టుకో, రెండు గంటలదాకా వేడిగా ఏమీ తాగొద్దు" అన్నాడు గంభీరంగా.

అంతే, కోడలు పగలబడి నవ్వింది. పొట్ట పట్టుకోవడానికి లేదు, రెండు చేతుల్లోనూ దీపం ఉంది. దీపం ఊగింది, గోడలన్నీ ఊగాయి, ఆ పిల్ల నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతూనే ఉంది. పళ్ళమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"ఎంత బాగుందే" అంది చివరికి.

"బొమ్మా?" అంది కోడలు ఊపిరందక.

"బొమ్మ సంగతి ఎవడిక్కావాలే! నిన్నంటున్నాను."

కోడలు ఆగి అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ తన కళ్ళలోకే చూస్తోంది. కోడలు దీపం వదిలేసి, ప్లాస్టరు పొడి అంటిన ఆ చేతిని పట్టుకుని, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.