ఆనందరావు జేబులో కార్డు

మట్టెవాడలో మా ఇంటి ముందుగది పేరుకే నాది. అందులో నా భార్య ప్రేమలత కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటుంది. కూలీల జీతాల్లోంచి కోసుకున్న పన్నును వాళ్లకు తిరిగి ఇప్పించడం ఆమె పెట్టుకున్న పని. ఏడాదంతా కలిపినా పన్ను కట్టేంత ఆదాయం వాళ్లకు ఉండదు. అయినా కాంట్రాక్టర్లు ముందే కోసేస్తారు. అడిగితేనే సర్కారు వాపసు ఇస్తుంది. అడగొచ్చని వాళ్లకు చెప్పేదెవరు? ప్రేమలత చెబుతుంది. వచ్చినవాళ్లకు చాయ్ మాత్రం నేను పెట్టాలి. కరెంటాఫీసులో రిటైరయ్యింది ఇందుకేనా అని రోజూ గొణుగుతాను. ఆమె వినదు. సాయంత్రానికి వినే ఓపిక కూడా ఆమెకు మిగలదు.

వానలు మొదలైనప్పుడు దీనమ్మ వచ్చింది. ఆమె భర్త ఆనందరావు ఒక గోదాముకు వాచ్‌మన్, అంతకుముందు చలికాలంలో గుండె ఆగి చనిపోయాడు. వాళ్ల చర్చి సమాధుల తోటలో జాగా చాలడం లేదు. నవంబరులో సమాధుల పండుగ నాటికి రాయి కట్టని చోట్లను తవ్వి ఇంకొకరికి ఇస్తామని కమిటీ పెద్దలు చెప్పేశారు. ఆయన జీతంలో కోసిన పన్ను చేతికొస్తే దీనమ్మ ఆ రాయి కట్టిస్తుంది. వేరే దారి లేదు.

ఆనందరావు మహా జాగ్రత్త మనిషి. వాడకట్టులో ఎవరిదో పాన్ కార్డు జిరాక్సు పట్టుకుని ఎవడో అప్పు ఎత్తాడట. అది విన్నప్పటి నుంచి తన కార్డును అంగి జేబులోంచి బయటికి తీయలేదు. జీతమిచ్చే ఏజెన్సీవాళ్లు అడిగినా, బ్యాంకువాళ్లు అడిగినా నంబరు చెప్పలేదు. నంబరు ఇవ్వనివాళ్లకు పన్ను ఎక్కువ కోస్తారు. నెలనెలా జీతంలో అయిదో వంతు పోతున్నా, కార్డు భద్రంగా ఉంది కదా అనుకున్నాడు ఆ మహానుభావుడు!

సరే, ఆ కార్డు తెమ్మంది ప్రేమలత. దీనమ్మ తల దించుకుంది.

"ఆయన జేబులనే పెట్టిన బిడ్డా," అంది. "కార్డు చూపెట్టనిది ఎవ్వర్నీ గేటు దాటనియ్యకపోతుండె. అక్కడ ఆయన్ను గూడ అడుగుతరేమో అని, కొత్త అంగి తొడిగి జేబుల పెట్టి పంపిన."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూశాక నవ్వినందుకు సిగ్గేసింది.

అప్పటి నుంచి తిరుగుడే తిరుగుడు. ఏజెన్సీకి పోతే, నంబరు తెస్తే ఆయన పేరు మీదికి పన్ను ఎక్కిస్తామన్నారు. ఆదాయపు పన్ను ఆఫీసులో, నంబరు మేమే వెతికి చెబుతాం, ముందు వారసుల సర్టిఫికెట్ తెమ్మన్నారు. తహసీల్దార్ ఆఫీసులో సారు ఒకరోజు మీటింగు, ఒకరోజు సెలవు. ఆటోలు ఎక్కీ దిగీ ప్రేమలత మోకాళ్లు వాచాయి. నీకు పిచ్చా, మానెయ్యి అని నేను అరిచాను. ఆమె కాళ్లకు నూనె రాసుకుని పడుకుంది.

అక్టోబరు వచ్చింది. సర్టిఫికెట్ ఇంకా రాలేదు. ఒక సాయంత్రం దీనమ్మ వచ్చి కుర్చీలో కూలబడింది. కమిటీవాళ్లు మళ్లీ కబురు పెట్టారట, గడువు పెంచడం కుదరదన్నారట. నేను చాయ్ ఇస్తే పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

"ఇగ ఫికర్ చెయ్యకు బిడ్డా," అంది చివరికి. "రాయి లేకపోతే వాళ్లే తవ్వుతరు గద. అప్పుడు కార్డు దొరుకుతది. నంబరు రాసుకుందువు."

ప్రేమలత కళ్లద్దాలు తీసి, కొంగుతో చాలాసేపు తుడిచింది.

"వాళ్లు తవ్వకముందే నంబరు తెస్త అమ్మా," అంది. "పొద్దున పది కొట్టకముందే తహసీల్దార్ ఆఫీసు కాడికి రా."

ఈసారి ఆటో మాట్లాడి ఉంచుతానని నేనే చెప్పాను.