డాక్టరుకు చెప్పని అక్క పేరు

కోవిల్‌పట్టి దగ్గర మా నల్లరేగడి చేలో ఆ రోజు పత్తి తీయిస్తున్నాను. పొద్దున పళ్లు తోముకుంటుంటే మొదలైన రక్తం మధ్యాహ్నానికీ ఆగలేదు. కాళ్ల మీద ఎర్రటి చుక్కలు తేలాయి. తొంభైల చివరి మాట ఇది. నాకింకా నలభై దాటలేదు.

మదురైలో బోన్ మ్యారో, అంటే ఎముక మూలుగ, పరీక్ష చేశారు. "అక్యూట్ లుకేమియా, బ్లడ్ క్యాన్సర్. వైట్ సెల్స్ కౌంట్ చాలా ఎక్కువుంది. ఇంత కౌంట్‌తో మొదలైతే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కీమోతో తగ్గగానే మూలుగ ట్రాన్స్‌ప్లాంట్ మంచిది. మూలుగ ఇవ్వడానికి తోబుట్టువులున్నారా?" అన్నారు డాక్టర్.

"లేరు" అన్నాను. పక్కనున్న నా భార్య రాజమ్మ బిత్తరపోయి చూసింది.

అక్క ఉంది, విరుదునగర్ పక్క పల్లెలో. మా వాళ్లలో మేనల్లుడికి పిల్లనివ్వడం ఆనవాయితీ. అక్క తన కొడుక్కి నా కూతుర్ని అడిగింది. పిల్ల చదువుకుంటానంటే నేను కాదన్నాను. దాంతో రాకపోకలు ఆగాయి. కాదన్నందుకు బాధ లేదు. కాని పిల్లనివ్వనివాణ్ణి, ప్రాణం పొయ్యమని ఏ ముఖంతో అడగను?

కీమోతో దిగిన కౌంట్ కొన్ని నెలలకే మళ్లీ ఎగబాకింది. రాజమ్మ నాకు చెప్పకుండా విరుదునగర్ బస్సెక్కింది. మర్నాడు అక్క నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"పిల్లను ఇయ్యకపోతివి, సరే. నేను బతికి ఉండంగానే లేనని చెప్తివేమిరా?"

నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

పరీక్ష చేస్తే అక్క HLA, అంటే కణాల మీది గుర్తులు, నాతో కలిసింది. మళ్లీ కీమో పెట్టి, చెన్నైలో అక్క నడుము ఎముకలోంచి మూలుగ తీసి ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. నా పాత కణాలు చచ్చి కౌంట్ దాదాపు సున్నాకు పడిపోయింది; ఇక అక్క కణాలతోనే అది ఎక్కాలి. అక్క రోజూ నా గది అద్దం అవతల నిలబడి ఫోన్లో అడిగేది, "ఈ పొద్దు నా కౌంట్ ఎంత ఎక్కిందిరా? కవల పడకు, దిగులు పెట్టుకోకు, నాదే కదా, ఎక్కుతాది."

ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ వచ్చాయి. ప్లేట్‌లెట్స్ మాత్రం మొండికేశాయి. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి చావు దాకా వెళ్లొచ్చాను. "లింఫోసైట్స్ త్వరగా పెరుగుతున్నాయి, మంచి గుర్తే. గ్యారంటీ మాత్రం కాదు" అన్నారు అక్కడి డాక్టర్. నా పాత రిపోర్టులు తిరగేస్తూ, "మొదటిసారి తగ్గినప్పుడే వచ్చుంటే ఇంత నలిగేవారు కాదేమో" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

ఏళ్లు గడిచాయి. పొలం పనులు చూసుకుంటున్నాను. నా బ్లడ్ గ్రూప్ కూడా ఇప్పుడు అక్కదే. ముసురు పట్టినప్పుడు ఆమె నడుము పట్టుకుని లేస్తుంది. అది సూది గుచ్చిన చోటి నొప్పా, వయసా అని అడగడానికి నాకు నోరు రాదు.

తోబుట్టువులెవరని డాక్టర్ అడిగితే అందరి పేర్లూ చెప్పండి. మాటల్లేని వాళ్ల పేరు ముందు చెప్పండి.