రాయదుర్గంలో విరిగిన సకినాలు

జనగామ నుంచి హైటెక్ సిటీకి వెళ్ళే పని పిండివంటలు చేసి అమ్మే మా సంఘం ఆడవాళ్ళకు ముందు ముందు కూడా పడుతుంది. అందుకని మేము వెళ్ళివచ్చిన తీరు రాస్తున్నాను.

మా ఊరి స్రవంతి అక్కడ ఒక కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ళ ఆఫీసులో పిండివంటల రోజు పెట్టుకున్నారు. సకినాలు ఎక్కడివో చెప్పి, కళ్ళముందే చేసి చూపించమని మమ్మల్ని పిలిచింది. నచ్చితే వాళ్ళ క్యాంటీన్ వారం వారం మా దగ్గరే తీసుకుంటుంది. అలాగైతే సంఘంలో ఆరుగురికి ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. పెద్దవయసులోనైనా అక్షరాలు నేర్చుకున్నానని నన్నూ, చెయ్యి తిరిగిన మనిషని ఎల్లవ్వక్కనూ పంపారు.

పిండి పని ఎల్లవ్వక్కదే. రాత్రంతా బియ్యం నానబెట్టి, తెల్లవారుజామున మిక్సీ పట్టి, జల్లించి, ఆరిపోకుండా తడిగుడ్డలో మూట కట్టింది. అయిదున్నర బస్సెక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్ళకు డబ్బు అడగరు. ఎనిమిదిలోపే ఉప్పల్‌లో దిగి, ఇడ్లీ తిని, మెట్రో మెట్లెక్కాం. అక్కడ సంచులు మిషన్లో పెట్టాలి. కాపలా అమ్మాయి మా మూట విప్పించింది.

“ఏందమ్మా గిది తెల్లగ?”

“పిండి బిడ్డా. సాయంత్రం గిట్లనే వస్తం, సకినాలు పెడ్త,” అంది ఎల్లవ్వక్క.

ఉప్పల్ నుంచి రాయదుర్గానికి రైలు మారే పని లేదు. స్టేషన్ల పేర్లు నేను చదువుతుంటే ఎల్లవ్వక్క తల ఊపింది. ఎదుటి సీటులోని అమ్మాయి, “వాము వాసన వస్తోందండి, మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చింది,” అంది. చివరి స్టేషన్లో దిగి ఆటో ఎక్కాం. గేటు దగ్గర మెడలో వేసుకునే కార్డులు ఇచ్చారు.

క్యాంటీన్ అయిదో అంతస్తులో ఉంది. గోడలన్నీ అద్దాలు. నేల ఎంత నునుపుగా ఉందంటే మా కాళ్ళు అందులో కనిపించాయి. మా మూకుడు అడుగు గుండ్రం, వాళ్ళ కరెంటు పొయ్యి మీద నిలవలేదు. క్యాంటీన్ మేనేజర్ చదునైన గిన్నె ఇప్పించాడు. ఆయనది భీమవరం వైపు, మెత్తగా మాట్లాడే మనిషి.

నువ్వులు, వాము, ఉప్పు వేసి పిండి కలిపాక ఎల్లవ్వక్క సంచిలోంచి పాత పంచె తీసింది. ఉతికినదే, కానీ నూనె మరకలు పచ్చగా మిగిలి ఉన్నాయి. నేల మీద పరవబోయింది. చుట్టూ ఫోన్లు పట్టుకుని ఆఫీసు పిల్లలు నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది.

“అక్కా, అది లోపల పెట్టు. గా స్టీలు బల్ల మీదనే సుట్టుదాం,” అన్నాను.

“బట్ట లేకుంటె తడి ఎవలు గుంజుకోవాలె? సకినమెట్ల ఆర్తది?”

“ఏసీ ఉన్నది గద. ఆర్తది.”

“సదువుకున్నదానివి, నీకెర్కే,” అని పంచె మడత పెట్టేసింది.

తను నిలబడి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి మెలిపెడుతూ వలయం మీద వలయం చుట్టింది. నేను మైకులో చెప్పాను. సకినాలు ఎవరు మొదలుపెట్టారో మాకు తెలియదు. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు సారెలో పెట్టేవాళ్ళం. దారిలో చెడకూడదు, చాలా రోజులు నిలవాలి. అందుకే పాకం ఉండదు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, వాడకట్టంతా కూర్చుని చుట్టాలి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

అరగంట గడిచినా సకినాలు ఆరలేదు, స్టీలుకు అతుక్కుపోయాయి. అట్లకాడతో గీకితే ముక్కలయ్యాయి. ఆగమంది ఎల్లవ్వక్క. పిల్లలకు మీటింగులున్నాయని నేనే తొందరపెట్టాను. పచ్చిగా నూనెలో పడినవి టపటపా పేలాయి. నూనె ఎగిరి ఒక అబ్బాయి చేతి మీద పడింది. అందరూ వెనక్కి జరిగారు. స్రవంతి పరుగున వెళ్ళి నీళ్ళు తెచ్చింది. ఆ అబ్బాయి, “పర్లేదు ఆంటీ,” అంటూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అది ఉడకలేదని అతని మొహం చూస్తేనే తెలిసింది.

మేనేజర్ పక్కకు పిలిచాడు. “ఏమనుకోకండమ్మా. వారం వారం అంటే మాకు కుదరదండి. ఇంతకీ ఎందుకలా అయ్యాయి?”

ఆయన అడిగింది నన్నే. నేను కొంగు సర్దుకున్నాను.

ఎల్లవ్వక్క నా వంక చూసి, తర్వాత నేల వంక చూసింది. “పిండి సరిగ తడవలే కావచ్చు సారూ,” అంది.

భోజనం పెట్టారు. పప్పు, బీరకాయ కూర. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. తను కడుపునిండా తిన్నది. మూడు దాటాక తిరుగు మెట్రో ఎక్కాం. స్టేషన్ల పేర్లు నేను చదవలేదు, తను అడగలేదు. ఉప్పల్‌లో బస్సు కదిలాక అంది, “ఊర్ల గూడ గదే చెప్త సత్తెమ్మా. పిండి నాది, తప్పు నాదేనని అంట. నువ్వేమనకు. రేపు ఇంకో కంపెనీకి పోవాల్నంటె నువ్వే మాట్లాడాలె. నీ మీద నమ్మకం పోతె ఎట్ల?”

వద్దనాలి. అనలేదు. ఘట్‌కేసర్ దాటింది, భువనగిరి దాటింది, అనలేదు. దిగేటప్పుడు తనే నా చెయ్యి పట్టుకుని దింపింది. ఆ రాత్రి సంఘంలో తను అన్నంత పనీ చేసింది. వాళ్ళు తనను నానా మాటలూ అంటుంటే నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

వెళ్ళేవాళ్ళకు బస్సు, మెట్రో సుఖమే. అక్కడి మనుషులు మంచివాళ్ళు, ఎవరూ మమ్మల్ని తక్కువగా చూడలేదు. చూసింది నేనే. ఇది మా సంఘంలో చదివి వినిపించాలని రాశాను. పిండి బాగానే తడిసింది.