పదికి ఆరు మార్కుల క్షమాపణ

శంషాబాద్ పట్టణ ప్రజలకు, ముఖ్యంగా బస్టాండు ఎదురు వరసలో దుకాణాలు పెట్టుకుని పక్క దుకాణం వైపు చూస్తూ బతికేవాళ్ళకు, మా ఇంటర్నెట్ సెంటర్ తరఫున ప్రకటించడమేమంటే: ఈ ఆదివారం నుంచి మా షాపులో ఒక చెయ్యి విరిగిన నీలం కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. చక్కెర సగం, చాయ్‌పత్తి డబుల్ అనే చాయ్ ఆర్డరు రద్దయింది. జపాన్ బొమ్మల కథలను చైనావి అన్నవాళ్ళను పట్టుకుని పాఠం చెప్పే మనిషి ఇక లేడు కాబట్టి, ఎవరి నోటికొచ్చింది వాళ్ళు అనుకోవచ్చు.

కారణం ఒక్కటే. సార్ పోయారు.

మంగళవారం తెల్లవారగానే ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు లేరండీ" అంది. నేను "అవునా" అన్నాను, కరెంటు పోయిందంటే అన్నట్టు. అనకూడని మాటలు అనడంలో నాకు ఈ ఊళ్ళో కొంత పేరుంది. వాటన్నిటిలో ఇది అడుగున నిలుస్తుంది.

ఇంటికి పోయేసరికి విశాఖపట్నం నుంచి ఆయన అక్కయ్య వచ్చి ఉన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి. గోడకు ఆనుకుని కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూశారు.

"బొమ్మల షాపు అబ్బాయివి నువ్వేనా బాబూ?"

నాకు నలభై ఎనిమిదేళ్ళు. అవునన్నాను.

"జపాను వాళ్ళు మన ఊరికి క్షమాపణ చెప్పిన బొమ్మ ఒకటుందట కదా. మా తమ్ముడు ఫోనులో చెప్పాడు. పదో రోజు దాకా ఇక్కడే ఉంటాను. నాకోసారి చూపించు. అది చూసి ఊరికి పోతాను."

నేను తల ఊపి బయటికి వచ్చేశాను. ఆ పెద్దావిడకు జవాబు బాకీ ఉంది. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మధ్యలో సార్ సంగతులు వస్తాయి, మీరు కూడా చదవండి.

ఆయన కోస్తా జిల్లాల్లో ఎక్కడో నలభై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. ఇక్కడ ఎయిర్‌పోర్టు మొదలైన ఏడు కూతురికి అందులో ఉద్యోగం వస్తే, ఆమెతో పాటు వచ్చారు. నా షాపుకు మొదటిసారి వచ్చింది నవంబరులో, పెన్షన్ ఆఫీసుకు ఇవ్వాల్సిన కాగితం జిరాక్స్ తీయించుకోవడానికి. "నేను బతికే ఉన్నానని ఇందులో రాసి ఉంది. అది నిజమేనని ఇంకో రెండు నకళ్ళు తియ్యవయ్యా" అన్నారు. తరువాత ప్రతి నవంబరులోనూ ఇదే మాట. ప్రతిసారీ నేను "గ్యారంటీ ఏంది సార్?" అనేవాణ్ణి.

ఆ మొదటి రోజు నా కంప్యూటర్ మీద జపాన్ బొమ్మల కథ ఒకటి నడుస్తోంది. ఎవరో కస్టమర్ మా మెషీన్‌లో వదిలేసిపోయినవి కొన్ని ఉంటే, గిరాకీ లేని వేళ పెట్టుకునేవాణ్ణి. మాటలు జపానువి. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. నేను పదో తరగతి రెండుసార్లు తప్పిన మనిషిని. ఒక లైను చదివేలోగా మూడు లైన్లు పోతాయి. బొమ్మను బట్టి కథ ఊహించుకునేవాణ్ణి. సార్ నకళ్ళు పట్టుకుని నా వెనక నిలబడి, అడక్కుండానే ఆ అక్షరాలను తెలుగులో చదవడం మొదలుపెట్టారు. ఆడగొంతుకు ఆడగొంతు, ముసలిగొంతుకు ముసలిగొంతు. ఎపిసోడ్ అయ్యాక చూస్తే నీలం కుర్చీలో కూర్చుని ఉన్నారు. అప్పటికి దానికి రెండు చేతులూ ఉండేవి.

అట్లా ఆదివారం మధ్యాహ్నాలు మొదలయ్యాయి. పాల్మాకుల నుంచి క్యాబ్ నడిపే యాదగిరి, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య వచ్చి కూర్చునేవాడు. జల్‌పల్లి నుంచి ఎయిర్‌పోర్టు కార్గోలో పనికి వచ్చే రేణుక, డ్యూటీ లేనప్పుడు వచ్చేది. సార్ చదివేవారు, మేం ముగ్గురం వినేవాళ్ళం. జపాన్‌వాళ్ళందరూ కోస్తా యాసలో ఏడుస్తారని యాదగిరి చాలాకాలం నమ్మాడు.

దేనికైనా పదికి మార్కులు వేయడం సార్ అలవాటు. మా వీధి చాయ్‌కి ఐదు. లీడర్ల ఉపన్యాసాలకు ఒకటి, అదీ గొంతు నొప్పికి. నాకు ఎప్పుడూ మూడు దాటలేదు. కింద పడే ఆ ఇంగ్లీషు అక్షరాలు విడిగా ఒక ఫైలులో ఉంటాయి, తెరిచి మార్చుకోవచ్చు. అది కనిపెట్టిన వారమే ఒక కత్తివీరుడు చచ్చిపోతూ ఉస్మానియా బిస్కెట్లు అడిగేటట్టు టైపు చేశాను. సార్ గొంతు కూడా మార్చకుండా చదివారు: "తమ్ముడూ, నా చివరి కోరిక. రెండు ఉస్మానియా బిస్కెట్లు." యాదగిరి కళ్ళు తుడుచుకున్నాడు. సార్ నా వైపు తిరిగి, "పదికి రెండు" అన్నారు.

బొమ్మలంటే పిల్లలవి అన్నవాళ్ళతో ఆయనకు ఓపిక ఉండేది కాదు. ఒకసారి మా సెంటర్ రిజిస్టర్ చూడడానికి వచ్చిన కానిస్టేబుల్, తలుపు దగ్గరే ఆగి, "ఏం చూస్తున్రు? గలీజువి కాదు గద?" అన్నాడు.

"రండి, కూర్చోండి" అన్నారు సార్. "ఇందులో ఒక అమ్మాయి, పోయిన తండ్రి వర్క్‌షాపు నిలబెట్టడానికి పన్నెండు ఎపిసోడ్లుగా తంటాలు పడుతోంది. గలీజు ఎక్కడ వస్తుందో మీరే చెప్పాలి."

అతను అరగంట నిలబడ్డాడు. మరుసటి వారం రోడ్డు మీద కనబడి, "ఇగ ఆ పిల్లకు లైసెన్సు దొరికిందా?" అని అడిగాడు. సార్‌కు చెప్తే అతనికి ఎనిమిది వేశారు. నాకు కడుపు మండింది.

రేణుకది వేరే గోస. "మా అమ్మ గివి చూస్తే ఖరాబైతవ్ అంటది సార్. కార్టూన్ కాదే, యానిమే అంటరు అని చెప్తే, పేరు మారిస్తే బుద్ధి మారతదా అన్నది."

"మీ అమ్మగారికి ఏడు" అన్నారు సార్. "కానీ ఒక మాట చెప్పమ్మా. బొమ్మ అబద్ధమే. అబద్ధాన్ని ఇంత శ్రద్ధగా గీశాడంటే, వాడికి నిజం బాగా తెలుసు."

ఇంకో అలవాటు చెప్పాలి. మా షాపు మీదుగా విమానాలు తక్కువ ఎత్తులో పోతాయి. ఆ మోత వచ్చినప్పుడల్లా సార్ చదవడం ఆపి, అరచెయ్యి చాయ్ గ్లాసు మీద మూతలా పెట్టేవారు. మోత పోయాక తీసేవారు. మొదట్లో నేను వెక్కిరించాను. "పైలట్ అందులకెల్లి బిస్కెట్ ముంచుకుంటడని భయమా సార్?" ఆయన నవ్వి ఊరుకున్నారు. సంగతి తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

అది బంద్‌ల కాలం. ఆ ఆదివారం షట్టరు సగం దించి చూస్తున్నాం. గొడుగులు బాగుచేసుకుంటూ బతికే ఒక ముసలాయన కథ అది. వయసులో ఉన్నప్పుడు యుద్ధంలో బాంబుల విమానం నడిపాడు. ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడడు, వానాకాలం కోసం చూస్తుంటాడు. ఆ ఎపిసోడ్‌లో వాళ్ళ ఊరు కాలిపోతుంది. యాదగిరి ముక్కు చీదుకుంటూ, "పాపం సార్ జపానోళ్ళు, ఎవ్వల జోలికి పోనోళ్ళు" అన్నాడు.

"పాపమే. కాదనను" అన్నారు సార్. "కానీ వాళ్ళు ఎవరి జోలికీ పోలేదనకు. నలభై రెండులో మా ఊరు విశాఖపట్నం మీద బాంబులు వేసింది వీళ్ళే. నాకు ఐదేళ్ళు. మా అక్కకు ఎనిమిది. మా అమ్మ మాకు అన్నం పెడుతోంది. మోత రాగానే అన్నం గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది, దుమ్ము పడుతుందని. ఇంకో చేత్తో మా ఇద్దరినీ పట్టుకుంది. ఆ సాయంత్రమే ఊరంతా బండ్లు కట్టుకుని పల్లెలకు పరుగు. దారిలో మా చంటితమ్ముడు జ్వరంతో పోయాడు. బాంబు దెబ్బకు పోలేదు కాబట్టి ఏ లెక్కలోనూ వాడు లేడు."

నేను గ్లాసు వైపు చూశాను, వెంటనే చూపు తిప్పుకున్నాను.

రేణుక మెల్లగా అన్నది: "గది చేసినోళ్ళు వేరు, బొమ్మలు గీసేటోళ్ళు వేరు గద సార్."

"వేరే. అందుకే వీళ్ళను అడుగుతున్నాను. బాంబు వేయించినవాడు ఎలాగూ క్షమాపణ చెప్పడు. వాళ్ళు కాలిన ఇళ్ళు ఎంత బాగా గీస్తారో చూస్తున్నావుగా. తాము కాల్చిన ఇల్లు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి గీయకూడదా?"

యాదగిరికి రోషం వచ్చింది. "మీరు జపానోళ్ళను అడుగుతున్రు. మా రెండెకరాలు రోడ్డు కింద పోయినయ్. పైసలిచ్చిన్రు, సంతకం తీస్కున్నరు. గుండె తరుక్కపోయిందా బాపూ అని మా బాపును అడిగినోడు లేడు. మేమెవల్ని అడగాలె?"

"అడగాలయ్యా. నువ్వూ అడుగు. అడగడం మానేస్తే జరగలేదనుకుంటారు."

నేను ఊరుకునే రకం కాదు కదా. "పగోళ్ళ బొమ్మలు గింత ప్రేమగ ఎందుకు చూస్తరు సార్ మరి?" అన్నాను.

ఆయన అద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎప్పుడో ఒకచోట చెప్తారేమోనని."

ఆ మాట మీద నాకు జోకు దొరకలేదు. ఇంటికి పోయాక వెతికాను, అప్పుడూ దొరకలేదు.

తరువాత మూడు నెలలు ఆ గొడుగులాయన కథే నడిచింది. ఎపిసోడ్ మొదలైనప్పుడల్లా సార్ కొంచెం ముందుకు వంగి కూర్చునేవారు. అయిపోగానే వెనక్కి వాలేవారు. ఆ వాలడంలోనే కుర్చీ చెయ్యి ఒకరోజు విరిగింది. "సారీ చెప్పలేదు, కుర్చీ ఇరగ్గొట్టిన్రు" అని నేను జపాన్‌ను తిట్టాను. ఆయనకు నవ్వొచ్చింది కానీ అది ముఖం దాకా రాలేదు.

ఆఖరి ఎపిసోడ్ వచ్చిన ఆదివారం రేణుకకు డ్యూటీ పడింది. యాదగిరి, సార్, నేను. కథ చివర ముసలాయన ఆఖరి గొడుగు బాగుచేసి గిరాకీకి ఇచ్చేస్తాడు. తను తడుస్తూ వీధి చివరిదాకా నడుస్తాడు. అక్కడ ఆగి, ఆకాశం వైపు చూసి, పెదవులు కదిలిస్తాడు. కింద అక్షరాలు పడ్డాయి. సార్ ముసలిగొంతుతో చదివారు:

"విశాఖపట్నం పిల్లలకు. మా వలన మీకు కలిగిన కష్టమునకు మిక్కిలి చింతించుచున్నాను. దయతో మమ్ములను క్షమించగలరని ప్రార్థన."

యాదగిరి లేచి నిలబడ్డాడు. "అరే! చెప్పిండు సార్! మీ ఊరి పేరు తీస్కొని మరీ చెప్పిండు!"

సార్ గ్లాసు మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. తెర నల్లబడింది, పాట మొదలైంది, పాట కూడా అయిపోయింది. అప్పుడు అద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు.

"పదికి ఆరు" అన్నారు.

"గంతేనా సార్? నాలుగెందుకు కోసిన్రు?"

"ఆలస్యంగా వచ్చినందుకు రెండు. చేతిరాతకు రెండు."

"బొమ్మల చేతిరాతేంది సార్!" అని యాదగిరి నవ్వుకుంటూ ట్రిప్పుకు పోయాడు.

ఆ తరువాత రెండేళ్ళు సార్ ఆదివారాలు వస్తూనే ఉన్నారు. ఇంకా ఎన్నో కథలు చదివారు. ఆ ఎపిసోడ్ మళ్ళీ పెట్టమని అడగలేదు. ఎవరైనా యుద్ధం సంగతి ఎత్తితే, "మాకు ఆరు మార్కులు వచ్చాయిలే" అని మాట మార్చేవారు. ఈ నవంబరులో కాగితం నకళ్ళు తీసే పని లేదు.

ఇక అక్కయ్యగారికి జవాబు.

అమ్మా, ఆ బొమ్మ ఉంది. గొడుగులాయన ఉన్నాడు, వాన ఉంది. ఆ చివరి మాటలు మాత్రం ఏ జపాన్‌వాడూ రాయలేదు. ముందురోజు శనివారం, గిరాకీ లేని వేళ, నేను టైపు చేశాను. అసలు అక్కడ ఆ ముసలాయన అనేది, ఈ ఏడు వానలు ముందే వచ్చాయని. అంతే. సార్ మళ్ళీ వెనక్కి వాలడం చూడలేక చేశాను. ఎగతాళికి కాదు. నా మాట ఎవరూ నమ్మరని తెలుసు. ఆ మాట మీ దాకా మోసుకొచ్చింది మాత్రం మీ తమ్ముడుగారు. అందులో నా చెయ్యి లేదు.

చూస్తానంటే రండి. నీలం కుర్చీ మీకోసం ఖాళీగా ఉంచాను. ఏది పెట్టమంటే అది పెడతాను, వానల మాటైనా, నా మాటైనా.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. నాకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే, సెలవు చీటీల ఇంగ్లీషు. బడి పిల్లల తల్లిదండ్రులకు రోజుకు పది టైపు చేసిస్తాను. ఆ క్షమాపణ కూడా ఆ చేత్తోనే పడింది. అలవాటు కొద్దీ చివర "ఇట్లు, మీ విధేయుడు" అని కూడా కొట్టేశాను. చూసుకోలేదు. ఆదివారం అది తెర మీద పడగానే నా ప్రాణం పోయింది.

నలభై ఏళ్ళు సెలవు చీటీలు చదివిన మనిషి ఆ ఒక్క లైను చదవలేదు. అది తెర మీద ఉన్నంతసేపూ గ్లాసును అరచేత్తో మూసి పట్టుకున్నారు. అప్పుడు పైన విమానమేదీ పోవడం లేదు.