కేబుల్ కొస ఎవరికి?

జగిత్యాల జిల్లా కేంద్రమైన తరువాతి రెండో వేసవిలో నన్ను కరీంనగర్ నుంచి అక్కడి సర్వీస్ సెంటర్‌కు సీనియర్ ఇంజినీరుగా వేశారు. కంప్యూటర్లు బాగుచేసే ఒక ప్రైవేటు కంపెనీ మాది. హోదాకు సీనియరునే గానీ, ఆ సెంటర్లో నా కింద జూనియర్ అంటూ ఎవరూ లేరు. తాళం తీసేదీ నేనే, వేసేదీ నేనే.

ఒకరోజు పొద్దున్నే ముగ్గురు వచ్చారు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే రాజేశం, కోరుట్లలో చీరల దుకాణం పెట్టుకున్న ఆయన తమ్ముడు సదానందం, ఆ ఇద్దరి మధ్య కూర్చోవడానికి మేడిపల్లి నుంచి వచ్చిన వాళ్ల అక్క భాగ్యమ్మ. అన్నదమ్ములు పదేళ్ల కింద వేరుపడ్డారు. అప్పటినుంచి మాటల్లేవు. పక్కపక్కన ఉన్నా, ఏం చెప్పాలన్నా అక్కతోనే చెప్పేవారు.

పంపకాల్లో చివరికి మిగిలింది చీరల డిజైన్లు గీసిన కంప్యూటర్. అందులో రెండు హార్డ్ డిస్కులు ఉండేవి. అన్న గీసిన బుటాలు ఒకదాంట్లో, తమ్ముడు గీసిన అంచులు మరోదాంట్లో. పెద్దమనుషులు వాటిని విప్పించి ఎవరిది వారికి ఇప్పించారు. ఒకరు లేకుండా మరొకరు తెరవకూడదని, తెరిస్తే రెండూ ఒకేసారి తెరవాలని మాట కూడా తీసుకున్నారు. ఇప్పుడు ఒక వ్యాపారి అప్పట్లో ఇద్దరూ కలిసి గీసిన పాత చీరే కావాలని, నాలుగు రోజుల్లో నమూనా చూపమని అడిగాడు. అంచు లేకుండా బుటాలు ఏం చేసుకోను? బుటాలు లేకుండా అంచు ఏం చేసుకోను? అందుకే వచ్చారు.

రాజేశం డిస్కు పట్టుగుడ్డలో చుట్టి ఉంది. పదేళ్లూ బీరువాలోనే ఉందట. సదానందం తన డిస్కును దేవుని గూట్లో పెట్టి పూజించాడు. దాని పిన్నుల మధ్య ఇరుకున్న పసుపు, కుంకుమ బ్రష్షుతో దులపడానికి నాకు అరగంట పట్టింది. రెండిటి మీదా పేర్ల చీటీలు అతికించి ఉన్నాయి.

అవి వెడల్పాటి పట్టీ కేబుల్‌తో కలిపే పాతకాలపు డిస్కులు. కొత్త కంప్యూటర్లలో ఆ కేబుల్ గుచ్చే చోటే ఉండదు. ఒక్కసారికి ఒక్క డిస్కును పట్టే అడాప్టర్ నా దగ్గరుందని చెప్పాను. "అట్ల నడువది. రెండూ ఒక్కపారే తెరువాలె" అని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. పదేళ్లలో వాళ్లు ఏకమైన మొదటి మాట అదేనని భాగ్యమ్మ నాతో గుసగుసగా అంది.

సరేనని, పాత కేబుల్ పట్టే కార్డు ఒకటి కొత్త కంప్యూటర్లో బిగించాను. ఒకే కేబుల్‌కు రెండు డిస్కులు తగిలిస్తే వాటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పాలి. డిస్కు వెనుక జంపర్ అనే బియ్యపుగింజంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని పెట్టే చోటును బట్టి ఒకటి మాస్టర్, రెండోది స్లేవ్ అవుతుంది. ఇది డిస్కు మీది లేబుల్‌పై అచ్చువేసే ఉంటుంది. నేను చేసిన తప్పల్లా దాన్ని పైకి చదవడం.

సదానందం లేచి నిలబడ్డాడు. "గిదేంది మేడం? నా దానికి గులాం అని పేరు వెడ్తరా? నేను గులామోన్నా?"

"అక్కా, చెప్పు వానికి. నేను పెద్దోన్ని. నాదే మాస్టర్" అన్నాడు రాజేశం.

"గిది పేరు కాదు, వరుస" అని నేను ఎంత చెప్పినా వినలేదు. ఈ గొడవలో నా పట్టకారు నుంచి జంపర్ జారింది. నలుగురం నేల మీద పాకుతూ వెతికాం. సదానందం అలసిపోయి లేచి, అక్క తెచ్చి బల్ల మీద మూత తీసి పెట్టిన సకినాల డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి కొరికాడు. జంపర్ ఆయన పళ్ల కింద దొరికింది. రెండు ముక్కలుగా.

నా డబ్బాలో వేరేవి ఉన్నాయి గనుక పని ఆగలేదు. ఈసారి రెండు జంపర్లూ మూడో చోట పెట్టాను. అప్పుడు ఎవరు ముందో కేబులే తేలుస్తుంది: కొసకు ఉన్నది ముందు, నడుమ ఉన్నది తర్వాత. మాట మార్చాను, తగవు తీరిందనుకున్నాను. ఇద్దరూ ఒకేసారి కేబుల్ కొస పట్టుకున్నారు.

"ఇడువుర్రి! తెగుతే ఇద్దరికీ లేకుంటైతది" అని భాగ్యమ్మ గద్దించింది. "కొస పెద్దోనికి. తెరిచేటప్పుడు ముందుగాల చిన్నోనిది. ఇగ నోరు మూసుకోన్రి."

తీర్పు ప్రకారం తగిలించి, మీట నొక్కి, ముందుగా సదానందం డిస్కు తెరిచాను. మొదటి ఫోల్డర్ పేరు రాజేశం. లోపల బుటాలు, వాటి పక్కన నల్లకళ్లద్దాలతో స్టూడియోలో దిగిన రాజేశం ఫోటో. వెంటనే రెండోది తెరిచాను. అంచులన్నీ అందులో ఉన్నాయి. సదానందానివి.

అందరం భాగ్యమ్మ వైపు చూశాం. పంపకాలప్పుడు చీటీలు అతికించింది ఆమేనట. "నాకేం ఎరుక? రెండూ ఒక్క తీరుగనే ఉండె" అంది.

ముందు సదానందమే నోరు తెరిచాడు, అదీ నేరుగా అన్నతో. "అన్నా, పదేండ్ల సంది నన్నే పట్టుగుడ్డల సుట్టి దాసినవా?"

"నువ్వు నాకు రోజూ ఊదుబత్తీలు ముట్టియ్యలేదారా?" అన్నాడు రాజేశం. వెంటనే ఏదో గుర్తొచ్చి నా వైపు తిరిగాడు. "మేడం, అంటే గిప్పుడు కొసకున్నది వానిదా? మార్చుర్రి."

మార్చడానికి వీల్లేకపోయింది. కొసన ఉన్న డిస్కు అప్పటికే టకటకమని కొట్టుకుంటోంది. లోపల చదివే సూది దెబ్బతింటే వచ్చే చప్పుడది. ఇక కరెంటు తీస్తే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఉన్నపళాన కాపీ మొదలుపెట్టాను. డిస్కు ముట్టుకుంటే కాలిపోతోంది. నేను చెప్పకముందే రాజేశం సకినాల డబ్బా మూత అందుకుని దానికి విసనకర్రలా విసరడం మొదలుపెట్టాడు. చెయ్యి నొప్పెట్టినా తమ్ముడికి ఇవ్వలేదు. "వాని అంచులు పోతే నా బుటాలు బొంద వెట్టుకోనా" అని గొణిగాడు. సదానందం మాత్రం తెర మీద పేర్లు ఒక్కొక్కటీ పైకి చదివాడు: మామిడి పిందె, నెమలి, గోపురం. అంచులన్నీ వచ్చాక, చివర్లో ఒక పాటల ఫోల్డర్ సగంలో ఉండగా డిస్కు ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు. బుటాలు కూడా కాపీ చేసి, మొత్తం రెండు పెన్ డ్రైవుల్లో ఎక్కించి ఇద్దరికీ ఒకే క్షణంలో, రెండు చేతులతో ఇచ్చాను.

వాళ్లు కలిసి మగ్గాలు నడిపారని చెప్పలేను. నమూనా మాత్రం గడువులోపు వెళ్లిందని భాగ్యమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరూ ఇప్పుడు నేరుగానే కొట్లాడుకుంటున్నారట. నడుమ కూర్చునే పని తప్పిందని ఆమెకు సంతోషం.

నేను రిటైరయ్యేదాకా కొత్త ఇంజినీర్లకు ఆ రోజు నేర్చుకున్నవి రెండు చెప్పేదాన్ని. డిస్కు లేబుల్ మీద రాసున్నది కస్టమర్ ముందు పైకి చదవకండి. రసీదులో 'ఎవరిది' అన్న గడి మాత్రం, డిస్కు తెరిచి చూసేదాకా ఖాళీగా ఉంచండి.